‘గుడ్ జాబ్’ చాలదు, దిద్దాలి

ఆదివారం పూట మా ఊరి కమ్యూనిటీ హాల్లో పిల్లలకి తెలుగు చెప్పే నలుగురైదుగురు వాలంటీర్లలో నేనూ ఒకణ్ణి. వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం అఆలు. రెండేళ్ళ క్రితం నా క్లాసులో తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు చేరాడు. చురుకైనవాడు. గుణింతాలు గబగబా రాసేస్తాడు, కథ చెబితే కళ్ళార్పకుండా వింటాడు. ఒక్కటే చిక్కు. వాడి నోట ‘త’ పలికేది కాదు. ‘తాతా’ అనమంటే ‘టాటా’ అనేవాడు. ‘తోట’ కాస్తా ‘టోట’ అయ్యేది, ‘దండ’ ‘డండ’ అయ్యేది.

మరి నేనేం చేసేవాణ్ణి? “గుడ్ జాబ్!” అని పుస్తకం మీద ఓ స్టిక్కరు అంటించేవాణ్ణి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆదివారం ఆటలు మానుకుని తెలుగు నేర్చుకోవడానికి రావడమే గొప్ప, తప్పులెన్నితే అదీ మానేస్తారేమోనని నా భయం. అలా ఏడాది గడిచింది. పుస్తకం అట్ట నిండా స్టిక్కర్లు పడ్డాయి. ‘టాటా’ మాత్రం ‘టాటా’గానే ఉండిపోయింది.

ఆ వేసవిలో వాళ్ళ తాతగారు తెనాలి నుంచి వచ్చారు. ఎల్.ఐ.సి.లో పనిచేసి రిటైరైన మనిషి. మనవడితో పాటు క్లాసుకొచ్చి, వెనక వరసలో కూర్చుని అంతా విన్నారు. క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి నవ్వుతూ అడిగారు.

“మాస్టారూ, మావాడు నన్ను పిలుస్తున్నాడా, సాగనంపుతున్నాడా?”

నేనూ నవ్వేశాను గానీ, చురుక్కుమంది. ఆయన అక్కడే కుర్చీ లాక్కుని, ఎవరి హ్యాండ్‌బ్యాగులోంచో చిన్న అద్దం అడిగి తీసుకుని, మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“అద్దంలో నోరు చూసుకో నాన్నా. నీ నాలుక కొస పైకి పోతోంది చూశావా? దాన్ని కిందికి తీసుకురా. పైపళ్ళ వెనక ఆనించు. ఇప్పుడు అను.”

“ట.”

“ఊహూఁ, పళ్ళకి తగల్లేదు. నాలుక కాస్త బయటికి కనపడినా ఫరవాలేదు. మళ్ళీ అను.”

ఏడోసారో ఎనిమిదోసారో, స్పష్టంగా ‘త’ పలికింది.

“అదీ! ఇప్పుడు నాలుక ఎక్కడ తగిలిందో చెప్పు.”

“టీత్‌కి.”

“అంతే. ఎప్పుడూ అక్కడే.”

మొత్తం పది నిమిషాలు! నేను ఏడాదిలో చెయ్యలేని పని. ఆయన తిట్టలేదు, పొగడనూ లేదు. ఏది తప్పుతోందో, దానికి బదులు ఏం చెయ్యాలో చెప్పి, వెంటనే మళ్ళీ చెయ్యమన్నారు. ఆఫీసు భాషలో దీన్నే మనం ‘ఫీడ్‌బ్యాక్’ అంటున్నాం. ఏటా రెండుసార్లు ఫారాలు నింపే నాకు, దాని అసలు స్వరూపం ఆరోజు ఆ అద్దంలో కనిపించింది. ఆ తర్వాత ఈ విషయం మీద దొరికినవి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నవి మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

తప్పు చేసేవాడికి ఆ తప్పు వినపడదు

‘పిల్లలు వినగా వినగా అదే సర్దుకుంటుందిలే’ అనుకుంటాం. అన్నిసార్లూ సర్దుకోదు. ఎందుకో ‘త’, ‘ట’లతోనే చెప్పవచ్చు. మన ‘త’కి నాలుక పైపళ్ళకి తగలాలి. ‘ట’కి వెనక్కి మడతపడి అంగిలికి తగలాలి. ఇంగ్లీషు ‘టీ’ శబ్దం ఈ రెండూ కాదు, మధ్యలో పళ్ళ వెనకున్న చిగుళ్ళ గట్టు మీద పుడుతుంది. మన చెవికి అది ‘ట’లా వినిపిస్తుంది. ఇంగ్లీషులో పెరిగిన చెవికి మాత్రం మన త, ట రెండూ ఇంచుమించు ఒక్కటే.

కెనడాకి చెందిన జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు 1984లో ఒక ప్రసిద్ధమైన పరిశోధన ప్రచురించారు. వాళ్ళు తీసుకున్న ధ్వనుల్లో హిందీ త, ట లున్నాయి. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ళలో చాలామంది ఆ తేడా పట్టేశారు. పది పన్నెండు నెలల వయసు పిల్లల్లో మాత్రం పట్టగలిగినవాళ్ళు బాగా తక్కువ. చుట్టూ వినపడే భాషలో పనికిరాని తేడాని చెవి ఏడాది నిండేలోపే పక్కన పెట్టేస్తుందన్నమాట. తర్వాత నేర్చుకోలేమని కాదు, కానీ దానికి ఎవరో ఒకరి సాయం కావాలి.

అంటే, మా క్లాసు అబ్బాయి ‘టాటా’ అన్న ప్రతిసారీ వాడి చెవికి అది ‘తాతా’ లాగే వినిపించింది. పైగా మాస్టారు స్టిక్కరు కూడా ఇచ్చాడు! ఇంక వాడికి మార్చుకోవలసిన అవసరం ఏముంది? ఏడాది పొడుగునా వాడు సాధన చేసింది తప్పునే. ఆ తప్పుకి ఎరువు వేసింది నేను.

కళ్ళు మూసుకుని గీసిన గీతలు

ఈ మాట శాస్త్రానికి కొత్తదేమీ కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల చేత కళ్ళు మూసుకుని, ఒకే కొలత గీతల్ని మళ్ళీ మళ్ళీ గీయించాడు. కొలత సరిపోయిందో లేదో చెప్పలేదు. వేలసార్లు గీసినా వాళ్ళ చెయ్యి మెరుగుపడలేదు. ‘చెయ్యగా చెయ్యగా అదే వస్తుంది’ అన్న మాటకి అది పెద్ద దెబ్బ.

1932లో ట్రోబ్రిడ్జ్, కేసన్ అనే ఇద్దరు ఇదే ప్రయోగాన్ని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళారు. కళ్ళకి గంతలు కట్టుకుని మూడంగుళాల గీత గీయాలి. ఒక జట్టుకి ఏమీ చెప్పలేదు. ఇంకో జట్టుకి ప్రతి గీత తర్వాతా అర్థంలేని అక్షరాలేవో వినిపించారు. మూడో జట్టుకి ‘ఒప్పు’, ‘తప్పు’ అని మాత్రమే చెప్పారు. నాలుగో జట్టుకి ఎంత ఎక్కువైందో, ఎంత తక్కువైందో అంగుళంలో ఎనిమిదో వంతు లెక్కన చెప్పారు. ఒప్పు, తప్పు విన్నవాళ్ళు మెరుగయ్యారు. ఎంత తేడా వచ్చిందో విన్నవాళ్ళు అందరికంటే బాగా మెరుగయ్యారు.

ఒక్కసారి మనం ఇంట్లో, ఆఫీసులో ఇచ్చే ఫీడ్‌బ్యాక్‌ని ఈ నాలుగు జట్లలో పెట్టి చూడండి. “బాగుంది”, “ఇంకాస్త బాగా చెయ్యి”, “శ్రద్ధ పెట్టు” ఏ జట్టులోకి వస్తాయి? నా లెక్క ప్రకారం రెండో జట్టే!

తిట్టు, పొగడ్త ఒకే తాను ముక్కలు

మన తరంలో చాలామందిమి తిట్ల మధ్యే పెరిగాం. లెక్క తప్పితే “బుర్రలో ఏముందిరా, మట్టా?” అనేవారు. మార్కులు తగ్గితే పక్కింటి కుర్రాడితో పోలిక తప్పేది కాదు. ఆ దెబ్బలు గుర్తున్నాయి కాబట్టి, ఇక్కడికొచ్చాక రెండో కొసకి పరుగెత్తాం. పిల్లాడు బొమ్మ గీస్తే ‘ఆసమ్’, బంతి తన్నితే ‘ఆసమ్’, కంచంలో అన్నం పారెయ్యకుండా తింటే కూడా ‘ఆసమ్’!

పైకి ఈ రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి ఒకే తాను ముక్కలు. రెండూ మనిషి గురించే మాట్లాడతాయి. చేసిన పని గురించి ఏమీ చెప్పవు.

అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినీసి అనే ఇద్దరు ఆచార్యులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని గుదిగుచ్చి చూశారు. 600కి పైగా పోలికలు తేలాయి. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో, అసలు ఏమీ చెప్పకపోవడం కంటే చెప్పడం వల్లే పని పాడైంది! వాళ్ళిచ్చిన వివరణ ఏమిటంటే, చూపు పని మీద నిలిచినప్పుడు ఫీడ్‌బ్యాక్ మేలు చేస్తుంది; ‘నేనింతేనా?’ అని చూపు తన మీదికి మళ్ళినప్పుడు దాని బలం తగ్గిపోతుంది. తిట్టు తిన్నవాడు అవమానం లెక్కపెట్టుకుంటాడు. పొగిడించుకున్నవాడు తన గొప్ప చూసుకుంటాడు. నాలుక ఎక్కడ తగలాలో ఇద్దరికీ తెలియదు.

ఇక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జాన్ వుడెన్ పేరు చెబితే ఇప్పటికీ లేచి నిలబడతారు. లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. జట్టుకి 1964 నుంచి 1975 దాకా పన్నెండేళ్ళలో పది జాతీయ టైటిళ్ళు సంపాదించిపెట్టిన కోచ్ ఆయన. ఇద్దరు పరిశోధకులు 1974-75 సీజన్లో ఆయన ప్రాక్టీసు చూస్తూ, శిక్షణగా ఆయన అన్నవీ చేసినవీ 2,326 నమోదు చేశారు. అందులో పొగడ్తలు 7 శాతం దాకా, ఉత్త మందలింపులూ ఇంచుమించు అంతే. మిగిలినవాటిలో సింహభాగం ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్న చిన్న చిన్న సూచనలే.

మనకి తెలియని విద్యేమీ కాదు

ఇదంతా అమెరికావాళ్ళు కనిపెట్టారనుకోనక్కరలేదు. మన మాటలోనే ఉంది. పలక మీద గురువుగారు రాసిన అక్షరం మీద బలపం తిప్పడాన్ని ‘దిద్దడం’ అంటాం. తప్పుని సరిచెయ్యడాన్నీ ‘దిద్దడం’ అనే అంటాం. నేర్చుకోవడానికీ సరిచేసుకోవడానికీ మన భాషలో ఒకటే క్రియ! అక్షరం వంకర పోయినప్పుడు మంచి పంతులుగారు పిల్లాడి వేలు పట్టుకుని మళ్ళీ తిప్పించేవారు. అందులో ఉపన్యాసం లేదు.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుసు. మంచి గురువు కీర్తన అంతా అయ్యేదాకా ఆగి “పరవాలేదమ్మా” అనరు. తప్పిన చోటే ఆపుతారు. “గాంధారం తగ్గింది. ఇదిగో, ఇలా” అని తాను పాడి వినిపిస్తారు. “ఏదీ, నువ్వను” అంటారు. ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది, సరైనది ఎలా ఉంటుంది, ఇప్పుడు మళ్ళీ ప్రయత్నించు. నాలుగు ముక్కల్లో మొత్తం ఫీడ్‌బ్యాక్ శాస్త్రం అదే.

మరి మన ఆఫీసుల్లో?

నేను ఇక్కడికొచ్చిన కొత్తలో చేసిన ఓ ప్రాజెక్టు డిజైను చూసి మా మేనేజరు “ఇంట్రెస్టింగ్” అన్నాడు. “యూ మైట్ వాంట్ టు థింక్ అబౌట్ ఎర్రర్ హ్యాండ్లింగ్” అని కూడా అన్నాడు. నేను పొంగిపోయాను. ఇంట్రెస్టింగ్ అన్నాడు కదా! ఆలోచించమన్నాడు, ఆలోచించాను, వద్దనుకున్నాను. ఏడాది చివర రివ్యూలో తెలిసింది, ఆయన దృష్టిలో ఆ మాట మూడుసార్లు చెప్పినా నేను పెడచెవిన పెట్టానని. ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది. మన ఊళ్ళో అయితే “ఇది ఇలా కుదరదు, మార్చు” అనేవారు. ఇక్కడ అదే మాట పట్టుబట్టలు కట్టుకుని వచ్చింది, నేను గుర్తుపట్టలేదు.

తర్వాత టీమ్ లీడ్ అయ్యాక దానికి వ్యతిరేకమైన తప్పు చేశాను. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడి కోడ్ చూసి, అందరి ముందూ “ఇంత చెత్తగా ఎలా రాశావయ్యా?” అన్నాను. మనవాడే కదా అన్న చనువు. ఆ తర్వాత చాలా వారాలు అతను మీటింగుల్లో నోరు విప్పలేదు. తెలియని విషయాలు నన్ను అడగడం మానేశాడు. కోడ్ మాత్రం ఏమీ బాగుపడలేదు, ఎందుకంటే ‘చెత్త’ అన్న మాటలో ఏ లైను మార్చాలో లేదు.

అందుకని ఇప్పుడు నేను పాటించే పద్ధతులు ఇవి.

అడిగేటప్పుడు: “ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది” అనే అంటారు, అది మర్యాద. “ఇందులో ఒక్కటే మార్చాలంటే మీరు ఏది మారుస్తారు?” అని అడగండి. ఎంత మొహమాటస్థుడైనా ఏదో ఒకటి చెబుతాడు. ‘మైట్ వాంట్ టు’ అన్న మాట వినపడగానే “ఇది తప్పనిసరిగా మార్చాలా, మారిస్తే మంచిదా?” అని అక్కడే తేల్చుకోండి. నా ప్రమోషన్ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

చెప్పేటప్పుడు: “నీ ఈమెయిల్స్‌లో క్లారిటీ ఉండదు” అంటే అది మనిషి మీద తీర్పు. “నిన్నటి మెయిల్లో క్లయింటు ఏం చెయ్యాలో నాలుగో పేరాలో రాశావు. దాన్ని మొదటి వాక్యంలోకి తెచ్చి, పంపేముందు ఒకసారి నాకు చూపించు” అంటే అది దిద్దడం. ఒకసారికి ఒకటి, మహా అయితే రెండు విషయాలు చాలు. నలుగురిలో కాదు, విడిగా. ఆర్నెల్ల తర్వాత రివ్యూలో కాదు, ఇంకా గుర్తున్నప్పుడే. అన్నిటికంటే ముఖ్యం, చెప్పాక మళ్ళీ చేసే అవకాశం ఇవ్వాలి. ఆ అవకాశం లేనప్పుడు చెప్పినది ఉత్త వ్యాఖ్యానమే అవుతుంది.

సూటిగా చెప్పడం అంటే కటువుగా చెప్పడం కాదు

“మరి సూటిగా చెబితే నొచ్చుకోరా?” అని మీరు అడగవచ్చు. నా స్టిక్కర్ల వెనకున్న భయమూ అదే. దీనికి 2014లో డేవిడ్ యేగర్, జెఫ్రీ కోహెన్ తదితరులు ప్రచురించిన పరిశోధనలో మంచి జవాబుంది. ఏడో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల్ని టీచర్లు మామూలుగానే, తప్పులన్నీ గుర్తుపెట్టి దిద్దారు. దానికి పరిశోధకులు ఒక చిన్న చీటీ జోడించారు. కొందరి చీటీలో, ‘నీ మీద నాకు పెద్ద అంచనాలున్నాయి, నువ్వు వాటిని అందుకోగలవని తెలుసు, అందుకే ఇవన్నీ చెబుతున్నాను’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. మిగిలినవాళ్ళ చీటీలో మామూలు మాటలే. వ్యాసాన్ని మళ్ళీ రాసివ్వడం పిల్లల ఇష్టానికి వదిలేశారు. నల్లజాతి విద్యార్థుల్లో మామూలు చీటీ అందుకున్నవాళ్ళలో 17 శాతం మంది తిరిగి రాస్తే, ఆ మాటలు అందుకున్నవాళ్ళలో 72 శాతం మంది రాశారు. తెల్లజాతి పిల్లల్లోనూ పెరుగుదల కనిపించింది.

గమనించండి, ఆ చీటీ తప్పుల్ని దాచలేదు. ఎందుకు చెబుతున్నారో చెప్పింది, అంతే. తెనాలి తాతగారు నోటితో ఆ మాట అనలేదు గానీ, మనవడి ఎదురుగా కూర్చుని ఎనిమిదిసార్లు ఓపిగ్గా ‘మళ్ళీ అను’ అనడంలో అదే ఉంది. నీకు వస్తుంది, వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను అని.

నోరు మూసుకోవలసిన సమయం

ఇంకో కోణం కూడా చెప్పకపోతే పొరపాటవుతుంది. పోయినేడు మా అమ్మాయికి కారు నేర్పించాను. పక్కన కూర్చుని క్షణానికో మాట: “అద్దం చూడు, స్లో, స్లో, ఎడమకి ఉండు, సిగ్నలెయ్యి!” నా పక్కన భేషుగ్గా నడిపేది. వాళ్ళమ్మతో వెళ్ళిన మొదటిరోజే లేన్ మారేటప్పుడు అద్దం చూడడం మర్చిపోయింది. ఎందుకంటే అద్దం చూడడం గుర్తుపెట్టుకునే పని అప్పటిదాకా నాది, తనది కాదు.

కరొలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ 1990లో ప్రచురించిన ప్రయోగాలు ఇదే చెబుతాయి. చేతి కదలికలు నేర్చుకునేటప్పుడు ప్రతిసారీ ఫలితం విన్నవాళ్ళ కంటే, సగం సార్లు మాత్రమే విన్నవాళ్ళు మర్నాడు ఆ పనిని బాగా నిలుపుకున్నారు. చెప్పేవాడు ఎప్పుడూ పక్కనే ఉంటే నేర్చుకునేవాడు తన తప్పు తాను పట్టుకోవడం నేర్చుకోడు. మొదట్లో తరచుగా, పట్టు చిక్కుతున్నకొద్దీ తక్కువగా చెప్పాలి. “ఇప్పుడు ఎలా వెళ్ళింది, నువ్వే చెప్పు” అని అడిగి, తర్వాత మనం నోరు విప్పాలి. “నాలుక ఎక్కడ తగిలిందో చెప్పు” అని తాతగారు అడిగింది అందుకే.

పెద్దవాళ్ళకీ కావాలి

అనుభవం వచ్చాక మనల్ని దిద్దేవాళ్ళు తగ్గిపోతారు. పదిహేనేళ్ళ సర్వీసున్న ఇంజనీరుకి, డాక్టరుకి ఎవరు చెబుతారు? ప్రముఖ సర్జన్, రచయిత అతుల్ గవాండే 2011లో న్యూయార్కర్ పత్రికలో దీని గురించే ఒక వ్యాసం రాశారు. తన నైపుణ్యం ఒక మెట్టు దగ్గర ఆగిపోయిందనిపించి, ఒకప్పుడు తనకి నేర్పిన, రిటైరైన సర్జన్‌ని ఆపరేషన్ థియేటర్‌కి పిలిచి చూడమన్నారు. ఆపరేషన్ చక్కగా జరిగిందనుకుంటున్న గవాండేకి ఆయన చూపించినవి చిన్న చిన్న విషయాలు. మోచేతులు అప్పుడప్పుడు బాగా పైకి లేస్తున్నాయి. దీపం వెలుగు గాయం మీది నుంచి పక్కకి జరిగిపోయినా, దాదాపు అరగంట సేపు గమనించలేదు. అంత పేరున్న సర్జన్‌కే తన దీపం పక్కకి జరగడం తెలియలేదంటే, మనకి మన ‘టాటా’ వినపడకపోవడంలో వింతేముంది?

ఇంతకీ మా క్లాసు అబ్బాయి సంగతి. ఆ పది నిమిషాలతో అంతా అయిపోలేదు. విడిగా ‘త’ వచ్చినా, మాటల్లో పడేసరికి మళ్ళీ ‘ట’ దొర్లేది. నేనూ స్టిక్కర్లు కట్టిపెట్టి, దొర్లినప్పుడల్లా నా పళ్ళ మీద వేలు పెట్టి చూపించేవాణ్ణి. వాడు నవ్వి మళ్ళీ అనేవాడు. మూడు నెలలకి నా వేలు అవసరం తీరిపోయింది. తప్పులెన్నితే మానేస్తాడని నేను భయపడిన పిల్లవాడు ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఈమధ్య ఓ ఆదివారం క్లాసయ్యాక వాడు తాతగారికి వీడియో కాల్ చేశాడు. “తాతా, ఎలా ఉన్నారు?” అన్నాడు. అచ్చ తెనాలి ‘తాతా’! ఆయన మొహం వెలిగిపోయింది. ఫోన్ నాకిమ్మన్నారు. మెచ్చుకుంటారు కాబోలనుకున్నాను.

“బావుంది మాస్టారూ,” అన్నారు. “‘కాళ్ళు’ని మాత్రం ‘కాల్లు’ అంటున్నాడు. ‘ళ’కి నాలుక వెనక్కి మడవాలి. వచ్చేవారం అద్దం పట్టుకెళ్ళండి.”